కమాను చలవ

ఆ రోజుల్లో నాకు ప్రజాస్వామ్యం మీద చెప్పలేనంత నమ్మకం ఉండేది. వయసు అలాంటిది, జీతం కూడా అలాంటిదే (ఎప్పుడొస్తుందో తెలియని జీతం తీసుకునేవాడు దేన్నో ఒకదాన్ని నమ్ముకోక తప్పదు). ములకలపల్లి అడవి దాటాక తగిలే మా ఊరు అప్పుడే పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయింది. ఆఫీసు బోర్డు పెద్దదైంది, ఇంటి పన్ను అంతకంటే పెద్దదైంది, మిగతా ఊరంతా ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆ పన్ను వసూలుకు ఔట్‌సోర్సింగ్ కింద తీసుకున్న బిల్ కలెక్టర్‌ని నేను. డిగ్రీ చేసి, మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఊరిని బాగుచేసే బాధ్యత సగం నా నెత్తి మీదే ఉందనుకుంటూ తిరిగేవాణ్ణి. మిగతా సగం ఎవరి నెత్తి మీద ఉందో ఇప్పటికీ తెలియదు.

నేను ఉండేది మా పెద్దమ్మ ఇంట్లో. అడవి వైపు నుంచి రోడ్డు ఊళ్ళోకి వచ్చే చోటే ఆమె గల్లీ. అడ్డాకులు తెచ్చుకుని, విస్తళ్ళు కుట్టి అమ్ముకుని బతికే మనిషి. ఆ గల్లీకి నీళ్ళు పోయే మోరీ లేదు. వాన పడితే నీళ్ళన్నీ వచ్చి ఆమె వెనక గోడను ఆనుకుని నిలిచేవి. అది మట్టి గోడ. ఏళ్ళ తరబడి ఓర్చుకుని, ఆ ఏడు నిలువునా బీటవారింది. ఇంకో గట్టి ముసురు పట్టిందంటే గోడ కూలడం ఖాయం, ఆమె మంచం ఆ గోడ పక్కనే. ఊరందరి దగ్గరా పన్ను రాబట్టిన నేను సొంత గడపలో మాత్రం ఓడిపోయాను.

“మోరీ గట్టమను బిడ్డా, పన్ను గడ్త. నీళ్ళు నా ఇంట్లకు, పైసలు మీ ఆఫీసులకా? గిదేం లెక్క?” అనేది పెద్దమ్మ, చేతిలో ఆకు దించకుండా. “కౌన్సిల్ మీటింగ్‌లో నేనే మాట్లాడతా, చూస్తూ ఉండు” అని నేను మాటిచ్చాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ విస్తరి కుట్టుకుంది.

మా కౌన్సిల్ గురించి కొంచెం చెప్పాలి. చైర్‌పర్సన్ మేడమ్ సంతకాలు పెట్టేవారు, మిగతా పాలనంతా వాళ్ళాయన చూసుకునేవారు. ఆయన్ని అందరం చైర్మన్ సారనే పిలిచేవాళ్ళం. (రూలు ప్రకారం ఆయనకు లోపల కుర్చీ ఉండకూడదు. అందుకని మేడమ్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, దాని మీద పెద్ద టవల్ పరిచేవారు.) ప్రతిపక్షానికి పెద్ద దిక్కు పాయింటన్న. ఏ మాట వినపడినా లేచి “పాయింటాఫార్డర్!” అని అరిచేవాడు, చాయ్ ఆలస్యమైనా సరే. అందుకే ఆ పేరు.

బడ్జెట్ మీటింగ్ రోజు వసూళ్ళ సంగతి చెప్పమని నన్ను లేపారు. ఇదే అదనని మోరీ సంగతి ఎత్తుకున్నాను. పన్ను కట్టేవాడి చెమట గురించి, పాలకుల కర్తవ్యం గురించి, పెద్దమ్మ ఇంటి అద్దం ముందు సాధన చేసిందంతా ఊపిరాడకుండా అప్పజెప్పాను. సభ్యులు బల్లలు చరిచారు. నాకు కళ్ళు చెమర్చాయి. “మస్తు మాట్లాడినవ్ తమ్మీ! కమాను ఓపెనింగ్‌ల మైకు నువ్వే పట్టాలె” అన్నారు చైర్మన్ సారు. ఊరి మొదట్లో స్వాగత కమాను కట్టబోతున్నారనీ, ఉన్న నిధులన్నీ దానికే పోతున్నాయనీ నాకు అప్పుడు తెలిసింది. మరి మోరీ అని గొణిగాను. “మోరీ గడ్తె ఎవలు జూస్తరే? భూమిల ఉంటది. కమానైతే భద్రాచలం పోయేటోళ్ళు గూడ మెడ లేపి జూస్తరు” అన్నారు సారు. పాయింటన్న లేచాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. “పాయింటాఫార్డర్! గంత ఎత్తు ఎందుకు? ప్రజల సొమ్ము దుబారా! లారీ దూరేటంత ఉంటె సాలు!” అన్నాడాయన. ప్రజాధనం ఆదా అయినందుకు అందరూ సంతోషించి, పొట్టి కమానును ఏకగ్రీవంగా ఆమోదించారు.

లారీ ఎంతెత్తుంటుందో తేల్చడానికి అందరం రోడ్డు మీదికి వెళ్ళాం. మా రోడ్డున తిరిగేవన్నీ జామాయిల్ కర్ర లారీలే. చేలల్లో కొట్టిన కర్రను బూర్గంపాడు వైపు కాగితం మిల్లుకు మోస్తుంటాయి. లోడు మీద ఉన్న లారీని ఆపితే డ్రైవర్ తిడతాడని, మిల్లు నుంచి ఖాళీగా తిరిగొస్తున్న దాన్ని ఆపి కొలిచారు. టేపు ఒక కొస నా చేతిలోనే ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆ లారీల వెనక దుమ్ము తిన్నవాళ్ళమే అందరం, కర్రను క్యాబిన్ మీదికి ఎంతెత్తున పేరుస్తారో రోజూ చూసేవాళ్ళమే. అయినా ఒక్కరికీ గుర్తు రాలేదు. “ఇంకో ఫీటు జాగ ఎక్కువే ఉంచుదాం, ఫికర్ లేదు” అన్నారు సారు ఉదారంగా.

ఓపెనింగ్ రోజు మైకు నాదే. ఊరి ప్రగతి గురించి గొంతు చించుకుంటున్నాను. మేడమ్ రిబ్బన్ కత్తిరించగానే అడవి వైపు నుంచి లోడు లారీ ఒకటి వచ్చి, కమానులో దూరి, స్వాగతం అనే అక్షరాల కింద బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. “కండ్లు కనవడ్తలేవా?” అని సారు కేకలేస్తే డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, “నాకు కనవడ్తనే ఉన్నయ్ సార్. కట్టినోళ్ళకు కనవడ్డయా?” అన్నాడు. నా చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది, ఆ మాట ఊరంతా విన్నది.

పై కర్ర దింపి లారీని బయటికి లాగాక, సాయంత్రం అత్యవసర సమావేశం. కమాను కూల్చాలంటే దాని మీద అందరి పేర్లూ చెక్కి ఉన్నాయి. ఎత్తు పెంచాలంటే పునాది ఆగదన్నాడు కాంట్రాక్టర్. పాయింటన్న వెటకారంగా, “కమాను లేవకుంటె రోడ్డునే దింపుండ్రి!” అన్నాడు. అందరూ నవ్వారు, చైర్మన్ సారు తప్ప. “అన్న మంచి మాట జెప్పిండు. రాసుకోండ్రి” అన్నారాయన. వెటకారానికన్న మాట తీర్మానమైపోవడం పాయింటన్నకు అదే మొదలు. పాపం, దాన్నెలా వ్యతిరేకించాలో ఆయనకు తోచలేదు.

కమాను కింద రోడ్డు తవ్వి పల్లం చేశారు. ముసురు పట్టింది. గల్లీ నీళ్ళన్నీ పెద్దమ్మ గోడను వదిలేసి ఆ పల్లంలోకి పరుగెత్తాయి. అక్కడ మడుగైంది, లారీలు దిగబడ్డాయి, లారీలవాళ్ళు రోడ్డు మీద బైఠాయించారు. అంతే, మోరీకి లేవన్న నిధులు ఎక్కడి నుంచో ఊడిపడ్డాయి. కమాను నుంచి వాగుదాకా రాతి మోరీ జల్దీగా కట్టేశారు. (దాని మీద కూడా పేర్లు చెక్కించారు, అది భూమిలోనే ఉన్నా.)

ఆ తర్వాత ఇంకో గట్టి వాన పడి వెలిశాక నేను ఇంటికి పరుగెత్తాను. పెద్దమ్మ వెనక గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. గోడ పొడిగా ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె కొంగుముడి విప్పి పన్ను డబ్బులు నా చేతిలో పెట్టింది. “రసీదు రాయి. నీ స్పీచి జూసి ఇస్తలేను, గా లారీ డ్రైవర్ మొఖం జూసి ఇస్తున్న” అంది.

ఇప్పుడు నాది ఖమ్మంలో పర్మినెంటు ఉద్యోగం. మీటింగుల్లో బల్ల చరచడం నాకూ వచ్చేసింది. మొన్న ఊరికి వెళ్తే బస్సు కమాను కింద పల్లంలోకి దిగి లేచింది. పెద్దమ్మ గోడ అలాగే నిలిచి ఉంది. అన్నం పెడుతూ, “గల్లీకి లైటు గావాలె బిడ్డా” అంది. “ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారు, నేను మాట్లాడతా పెద్దమ్మా” అన్నాను, పాత అలవాటు కొద్దీ.

“నువ్వు మాట్లాడకు” అంది కంగారుగా. “వాళ్ళు ఇంకోటి ఏదన్న గలత్ గట్టేదాక ఆగుదాం. లైటు అదే వస్తది.”

అద్దం ముందు ఉపన్యాసం వల్లించుకున్న ఆ ఐడీ కార్డు కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి మీద నవ్వొచ్చింది, జాలేసింది. బల్ల చరిచే చేత్తో అన్నం కలుపుకుంటుంటే, వాడే నయమేమో అనిపించింది.