రుద్రగండం పందెం

పుంగనూరు బస్టాండు గోడమీద ఆ పోస్టరు కనబడిన రోజు కమలాక్షి బస్సును రెండు నిమిషాలు ఆపించింది. పద్దెనిమిదేళ్ల కండక్టరు ఉద్యోగంలో సొంత పనికి బస్సు ఆపించడం అదే మొదలు, అదే చివర. టికెట్ల మిషను మెడలో వేలాడుతుండగానే దిగి, గోడ దగ్గరికి పోయి, ఫోనుతో ఆ పోస్టరును ఫొటో తీసుకుంది.

"ఏమ్మా కమలమ్మా, గోడమీద ఎవురన్నా సుట్టాలుండారా?" అన్నాడు డ్రైవరు అంజినప్ప.

"సుట్టాలే. కనబడక తొమ్మిదేండ్లయింది" అంది ఎక్కుతూ.

పోస్టరు మీద పెద్ద కోట తలుపు. తలుపు ముందు వీపు తిప్పి నిలబడిన ఒక ఆడమనిషి. పైన ఎర్రక్షరాలతో రుద్రగండం 4. కింద 'ఈ నెల ఇరవై నుంచి మీ చేతుల్లోకి' అని రాసి ఉంది. ఆ చివరి మాట కాస్త వింతగానే ఉంది. కానీ పేరు చూశాక కింద మాటలను ఎవరు పట్టించుకుంటారు చెప్పండి. కమలాక్షి కూడా పట్టించుకోలేదు.

ఆమె మొగుడు రామచంద్ర ఒకప్పుడు పుంగనూరులో సినిమా పోస్టర్లు అంటించేవాడు. సైకిలు హాండిలుకు మైదా జిగురు బకెట్టు తగిలించుకొని చౌడేపల్లె దాకా గోడ గోడకూ పోయేవాడు. పెళ్లయిన కొత్తలో రుద్రగండం మొదటి భాగం వచ్చింది. అతనే ఊరంతా పోస్టర్లు వేసి, చేతులకు జిగురు వాసన పోకముందే పెళ్లాన్ని మదనపల్లెకు తీసుకుపోయి ఆ సినిమా చూపించాడు. రెండో భాగం పుంగనూరులో చూశారు. మూడోది వచ్చేసరికి పుంగనూరు హాలు మూసేసి పెళ్లిళ్ల మంటపం చేశారు కాబట్టి కుప్పం పోయి చూశారు. పిల్లలు కలగలేదు వాళ్లకు. ఏ సంవత్సరం ఏం జరిగిందో గుర్తుపెట్టుకోవాలంటే, అది రుద్రగండం రెండుకు ముందా వెనకా అనేవారు.

కథ మరీ పెద్దదేమీ కాదు. చిన్నప్పుడు వరదలో తప్పిపోయిన తల్లి కోసం రుద్ర అనేవాడు మూడు సినిమాల నిండా వెతుకుతాడు. మూడో దాని చివర ఒక కోట తలుపు ముందు వీపు తిప్పి నిలబడిన మనిషిని చూసి 'అమ్మా' అని పిలుస్తాడు. ఆమె తల కదులుతుంది, ముఖం ఇటు తిరగబోతుంది, అంతలో హాల్లో లైట్లు వేసేశారు. మిగతాది నాలుగో భాగంలో చూసుకోమన్నారు. కుప్పం హాలంతా ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు.

తిరుగు బస్సులో మొగుడూ పెళ్లాలు పలమనేరు దాకా వాదించుకున్నారు.

"అది వాళ్లమ్మే మే. ఆ నిలబడే తీరు సూడలే నువ్వు?" అన్నాడు రామచంద్ర.

"మొదటి సినిమాలోనే ఆయమ్మ నీళ్లలో కొట్టుకపోయింది గదా మామా. సచ్చినోళ్లు ఎట్ట వస్తారు? అది ఎవురో మోసం చేసేదానికి నిలబడి ఉండాది."

"పందెం."

"పందెమే. గెలిసినోళ్లు ఏమడిగినా ఓడినోళ్లు కాదనగూడదు."

ఇద్దరూ నవ్వుకుంటూ చేతిలో చెయ్యేసుకున్నారు. నాలుగో భాగం మాత్రం రాలేదు. తీసేవాళ్లకు వాళ్లలో వాళ్లకే పడలేదట. ఏడాది పోయింది, అయిదేళ్లు పోయాయి. రామచంద్ర పాలడెయిరీలో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ తరువాత అతని కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి.

వారానికి మూడు రోజులు మదనపల్లె ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మిషను తగిలించుకొని నాలుగు గంటలు పడుకోవాలి. కుప్పం ట్రిప్పుకు ముందు తెల్లవారి మదనపల్లె ట్రిప్పు కూడా కమలాక్షిదే. ఆ బస్సులో తన సీటు పక్కనే అతన్ని కూర్చోబెట్టుకొని తీసుకుపోయేది. నీళ్లు కొలిచి తాగాలి. ఎండాకాలంలో పెదవుల మీద తడిగుడ్డ పెట్టుకొని కూర్చునేవాడు. సినిమా ఇంటర్వెల్లో గోలీసోడా రెండు తాగిన మనిషి గుక్కెడు నీళ్ల కోసం పెళ్లాం ముఖం చూడటం ఏం బాగుంటుంది. మూడో ఏడు చేతిలో సూది గుచ్చే నరం పాడైతే మళ్లీ ఆపరేషను చేశారు, అదీ పాడైతే మరోసారి చేశారు. గుండె కూడా నీరసించిందన్నారు. ఒకరోజు ఇంటికొచ్చి మంచం మీద వాలి, "ఇంగ సాలు మే" అన్నాడు.

"ఆ మాట మళ్లీ ఎత్తినావంటే నేను మనిషిని కాను" అంది కమలాక్షి. అతను మళ్లీ ఎత్తలేదు.

ఇదిగో, ఇలాంటప్పుడు ఆ పోస్టరు కనబడింది. సాయంత్రం ఇంటికి పోతూనే ఫొటో చూపించింది. రామచంద్ర ఫోనును కళ్లకు ఆనించుకొని చూశాడు. గోడకు చేరగిలి లేచి కూర్చున్నాడు.

"పోస్టరు వంకరగా అంటించినాడు ఎవుడో" అన్నాడు. తరువాత, "నేను పోయేలోపల ఆమె ముఖం సూస్తానో లేదో అనుకుంటాండాను" అన్నాడు.

"యాల సూడవు? ఇరవయ్యో తేదీ లీవు పెడతా. మొదటాటకే పోదాము."

మాట ఇచ్చేసింది. ఇరవయ్యో తేదీ ఇంకా రెండు రోజులుందనగా తెలిసింది, అది సినిమా కాదని. చెప్పింది హుమా. పుంగనూరు నుంచి రోజూ ఇదే బస్సులో కుప్పంలో చదువుకోవడానికి పోయే అమ్మాయి.

"అక్కా, అది గేమ్. ఆన్‌లైన్‌లో ఆడేది. హాల్లోకి రాదు."

కమలాక్షి చేతిలోని చిల్లర సంచిలోకి జారిపోయింది. "మరి నాలుగని ఏసినారే. ఆయమ్మ బొమ్మ ఏసినారే. కథలేకుండా ఆ బొమ్మ ఎట్ట ఏస్తారు?"

హుమాకూ తెలియదు. "కోట దాకా ఆడితే వస్తుందేమో అక్కా" అంది.

ఇరవయ్యో తేదీన ఆ బస్సును చూసి తీరాలి. ఫోనులో అలారం పెట్టుకోవడం రానివాళ్లు కూడా హుమా చుట్టూ చేరి, నా ఫోన్లోకీ ఆ ఆట ఎక్కించమ్మా అన్నారు. పాలక్యాన్ల మనిషి ఎక్కించుకున్నాడు. మనవళ్లను 'ఎప్పుడూ ఆ ఫోనేనా' అని తిట్టే పెద్దాయన ఎక్కించుకున్నాడు. జీవితంలో పేకముక్క ముట్టని అంజినప్ప కూడా టీ తాగే చోట నిలబడి తెర మీద వేలు రుద్దాడు. అదే ఆటకు మరో పేరు పెట్టి ఉంటే వీళ్లలో ఒక్కరూ దాని వంక చూసేవాళ్లు కాదు. ఆట ఎట్లా ఉంటుందని ఎవరూ అడగలేదు. రుద్రగండం కదా, ఎవరు ఎవరితో కలిసి ఆ సినిమా చూశారో వాళ్లే గుర్తొచ్చారు. పేరు పెట్టినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు, పాపిష్టి తెలివి.

"గేమంట మామా" అని చెప్పినప్పుడు రామచంద్ర ఆ పోస్టరు ఫొటోను ఇంకోసారి తెరిపించి చూశాడు. తరువాత, "నా సూపుకి, ఈ సేతికి ఆడేది కుదరదు. నువ్వాడి సూసి చెప్పు. ఆమె తిరిగిందా లేదా, అంతే" అన్నాడు.

అంతే. ఆ 'అంతే' కోసం నలభైయారేళ్ల కమలాక్షి ఆట నేర్చుకుంది. మధ్యాహ్నం కుప్పం బస్టాండులో బస్సు ఆగే నలభై నిమిషాల్లో గబగబా రెండు ముద్దలు తిని ఆడేది. ఫోను తెరవగానే ఆ ఆడమనిషి వీపు కనబడేది, ఆ వెంటనే యాభైమంది ముక్కూముఖం తెలియనివాళ్లు నాలుగు దిక్కుల నుంచి కాల్చేవాళ్లు. మొదట పదిరోజులు రుద్రగాడు అడుగు తీసి అడుగు వేయకముందే చచ్చేవాడు. హుమా పక్కన కూర్చొని, "అక్కా, కుడివైపు, కుడివైపు" అనేది. ఇంటికి పోతే రామచంద్ర ఒకటే అడిగేవాడు.

"యాడిదాకా వచ్చినావు?"

"ఏరు దాటినా మామా. కోట కనబడతాంది."

"నిమ్మళంగా పో" అనేవాడు.

రెండు నెలలు పట్టింది. ఒకనాడు మధ్యాహ్నం, నిజంగానే, కోట తలుపు ముందు కమలాక్షి ఒక్కతే మిగిలింది. తలుపు దగ్గరికి నడిపించింది. అక్కడ ఎవరూ లేరు. తలుపు వట్టి బొమ్మ. నెడితే కదలలేదు, కాలిస్తే చిల్లి పడి మళ్లీ పూడిపోయింది. తెర మీద 'విజేత మీరే' అని పూలు రాలాయి. వచ్చే నెలలో రుద్రకు కొత్త రంగు చొక్కా ఇస్తామని ఒక అక్షరాల పట్టీ నడిచింది.

హుమా అటూ ఇటూ నొక్కి అంతా వెతికింది. "కథే లేదక్కా దీంట్లో. పేరు ఒకటే పెట్టినారు" అంది మెల్లగా.

కమలాక్షి ఫోను మూసి చిల్లర సంచిలో వేసుకుంది. తిరుగు ప్రయాణంలో వి.కోట దగ్గర ఇద్దరికి టికెట్టు కొట్టడం మరిచిపోయింది.

మరునాడు ఆసుపత్రి రోజు. సెలవు పెట్టి అతనితో పాటే పోయింది. టెక్నీషియను హేమంత్ సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి పక్క మంచం దగ్గరికి పోయాడు. కమలాక్షి స్టూలు మీద కూర్చొని మొగుడి కాళ్లు ఒళ్లో పెట్టుకుంది.

"మామా, నిన్న కోట చేరినా."

"ఆమె తిరిగిందా?"

"తిరిగింది."

"ఎవురు?"

"వాళ్లమ్మే. నువ్వే గెలిసినావు."

రామచంద్ర కళ్లు మూసుకున్నాడు. "ఏం కోక కట్టుకోనుండాది?"

"పసుపుపచ్చది. వరదలో కట్టుకున్నదే, పాతబడి ఉండాది."

"వాడేమన్నాడు?"

"వాడేం మాట్లాడలే. కాళ్ల మీద పడినాడు. ఆమె లేపి, అన్నం తిన్నావా నాయనా అనడిగింది."

అతని కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఒంట్లో నీళ్లు ఎక్కువై బాధపడే మనిషికి కన్నీళ్లు మాత్రం ఎంతో పొదుపుగా వచ్చాయి. కమలాక్షి కొంగుతో తుడిచింది. ఇంత చిన్న అబద్ధంతో ఇంత సంతోషం ఇవ్వగలిగానే అనుకుంది, పిచ్చిది.

"అయితే పందెం నాదే గదా" అన్నాడు.

"నీదేలే. ఏం కావాల, అడుగు."

గోలీసోడా అడుగుతాడనుకుంది. డాక్టరమ్మను బతిమాలి ఒక్క గుక్కకు ఒప్పించాలని అప్పటికే మనసులో అనుకుంటోంది.

"ఇంగ నన్ను ఈ మిషను కాడికి పిల్సకరావద్దు కమలా."

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెను పేరు పెట్టి పిలిచింది చాలా తక్కువ. కమలాక్షి ఒళ్లో ఉన్న అతని కాళ్లను గట్టిగా పట్టుకుంది.

"ఆ పందెం చెల్లదు" అంది. "నేను అబద్ధం చెప్పినా మామా. దాంట్లో తలుపు తెరుసుకునేది లేదు. అమ్మా లేదు, కోకా లేదు. పేరు పెట్టి మోసం చేసినారు. నువ్వు గెలవలే."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పోయిన నెలే హేమంత్ ఫోనులో వాడితో ఆడించి సూసినా. దాంట్లో ఏమీ లేదని తెలుసు."

"మరి యాల అడిగితివి? కోక రంగుతో సహా యాల అడిగితివి?"

"నువ్వెట్ట చెప్తావో ఇందామని" అన్నాడు రామచంద్ర. ఆయాసం తీర్చుకొని మళ్లీ అన్నాడు. "నువ్వే గదా మే నన్ను గెలిపించింది. గెలిపించినాక కాదంటే ఎట్ట?"

కమలాక్షి అతని పాదాల మీద ముఖం పెట్టుకొని ఏడ్చింది. మిషనులో చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. హేమంత్ వచ్చి, గొట్టాలు చూస్తున్నట్టు నటించి, వెళ్లిపోయాడు.

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుందనుకోకండి. మరో మూడు సార్లు బలవంతాన బస్సెక్కించింది. తిట్టింది, అన్నం మానేసింది, డాక్టరమ్మతో చెప్పించింది. డాక్టరమ్మ అతనితో ఒక గంట, ఆమెతో ఒక గంట మాట్లాడింది. నాలుగోసారి తెల్లవారి లేచి చూస్తే అతను బట్టలు మార్చుకొని, ఏమీ అనకుండా, చెప్పుల పక్కన కూర్చొని ఉన్నాడు. రమ్మంటే వచ్చేటట్టే ఉన్నాడు. అది చూశాక ఆమెకు రమ్మనడానికి నోరు రాలేదు. చెప్పులు తీసి లోపల పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం నిండు గోలీసోడా తెచ్చి ఇచ్చింది. మొత్తం తాగి, తేన్చి, ఇంటర్వెల్ అయిపోయిందా అన్నాడు. ఎనిమిది రోజులున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పోయాడు.

మరుసటి ఎండాకాలం రుద్రగండం నాలుగో భాగం నిజంగానే వచ్చింది. ఆట కోసం ఊళ్లకూళ్లు ఎగబడేసరికి ఆ పేరుకు ఇంకా జనం ఉన్నారని తీసేవాళ్లకు తెలిసివచ్చి, తగాదాలు మానుకున్నారట. కమలాక్షి కుప్పంలో డ్యూటీ దిగి, యూనిఫాంతోనే హాలుకు పోయి కూర్చుంది. పక్కన ఖాళీ సీటు ఉంది, ఎవరూ రాలేదు. రెండు గంటలు కదలకుండా చూసింది.

చివరికి కోట తలుపు వచ్చింది. రుద్ర 'అమ్మా' అని పిలిచాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ ఆడమనిషి తల కదిలింది.

కమలాక్షి లేచింది. వెనకవాళ్లు 'కూర్చోమ్మా' అని కసిరారు. అందరి మోకాళ్లకూ అడ్డంపడుతూ, తెర వైపు చూడకుండా, తలుపు తోసుకొని ఎండలోకి వచ్చేసింది.

ఆ ముఖం తల్లిది కాకపోతే పందెం తనది. తను గెలిచి ఉంటే ఏం అడిగేదో ఆమెకు తెలుసు. కాదనడానికి అతనికి వీలుండేది కాదు.