జడ్జిగారి కారులో నేను విప్పిన నోరు

కాదు, ఆయనది పొగరని మా బావ ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇంకో వందసార్లు పెట్టినా నేను ఒప్పుకోను. జడ్జిగారు రిటైరయ్యారని తెలిసి రాత్రి ఆయన పాత ఫోటో పెట్టాను, పొద్దున ఫోన్ తీయగానే బావ నుంచి అదే మెసేజ్.

హన్మకొండలో పెరిగిన నేను బహ్రెయిన్ వచ్చి, జింజ్ అనే పేటలో ఆ జడ్జిగారి ఇంట్లో డ్రైవరుగా చేరిన రోజులు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. ఫైళ్లున్న తోలుసంచి నన్ను ముట్టనివ్వకుండా తన ఒళ్లోనే పెట్టుకునేవారు. సిగ్నల్ దగ్గర తెలిసినవాళ్లు పలకరించబోతే అద్దం ఎక్కించమనేవారు. ఎవరు పంపిన ఖర్జూరాలైనా గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి పోయేవి. గుమాస్తాగా మొదలై జడ్జి అయ్యానని, మొదటి తీర్పు రాసిన రోజు అన్నం సహించలేదని, ఒకసారి తనకు వచ్చిన హిందీలో చెప్పారు.

మీనా సల్మాన్ రేవులో వెల్డింగ్ చేసే మా బావ జ్వరంతో క్యాంపులో పడుకుంటే, కంపెనీవాళ్లు పనిలోంచి పారిపోయాడని సర్కారుకి రాసిచ్చారు, అది కోర్టుకెక్కింది. కేసు తేలేదాకా దేశం దాటడానికి లేదు, ఇంటి దగ్గరేమో అక్కకి నెలలు నిండుతున్నాయి. ఆ కేసు మా జడ్జిగారి దగ్గరికే వచ్చిందని తెలిసి ఎగిరి గంతేశాను. మన దగ్గర పెద్దమనిషి చెవిలో ఒక మాట వేయడం మామూలేగా. విచారణకి వారం ముందు, ఆస్పత్రి చీటీ ఫోటో ఫోన్లో సిద్ధంగా పెట్టుకుని, కారు నడుపుతూనే మొత్తం చెప్పేశాను.

ఆయన కారు పక్కకి ఆపమన్నారు. ఒళ్లోని సంచి సర్దుకుని నా వైపు తిరిగారు.

"నీ మాట విన్నాను. ఇక అవతలివాళ్ల మాట సమంగా వినలేను. ఖలాస్, ఆ కేసు నాది కాదు."

కేసు ఇంకో జడ్జికి మారి, విచారణ రెండు నెలలు వెనక్కి జరిగింది. చివరికి బావే గెలిచాడు కానీ, పుట్టిన పాపను ఫోన్ తెర మీదే చూశాడు.

"నువ్వు జర నోరు మూసుకుంటే నా బిడ్డను నా చేతులతోని ఎత్తుకుంటుంటి గద బామ్మర్ది" అన్నాడు.

ఆ మాటకి నాకొచ్చిన కోపమంతా తెచ్చి కారు తాళాలు జడ్జిగారి బల్ల మీద విసిరాను. ఆయన వాటిని తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టి, కోర్టుకి ఆలస్యమవుతోందని అన్నారు, అంతే.

ఇప్పటి మా యజమాని దారంతా ఎవరికో ఒకరికి ఫోన్లో సిఫార్సు చేస్తూనే ఉంటాడు, నాకేమో ఆ పాత కారులోని నిశ్శబ్దం గుర్తొస్తుంది. బావ కోపం నా మీద ఉండాలి, నోరు జారింది నేను. విననట్టే ఉండి తీర్పు రాస్తే ఏం పోయేదని అడుగుతున్నారు గ్రూపులో. సరే, ఆ కారు నడిపింది నేను కాక కంపెనీవాళ్ల బామ్మర్ది అయ్యుంటే, అప్పుడు కూడా ఆయన విననట్టే ఉండాలని అంటారా మీరు?