అవ్వ చేతి దువ్వెన

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన ఏడు, మా పక్కింట్లో అద్దెకున్న ఆఫీసరు కుటుంబం సామాన్లు లారీకెత్తించి, తమ పిల్లిని మాకు ఇచ్చి వెళ్లింది. పర్షియా జాతిదని చెప్పారు. అటువంటి పిల్లిని మా బజారులో ఎవరూ చూసి ఉండలేదు. మేకపిల్లంత ఉండేది. బూడిదరంగు బొచ్చు నేలమీద జీరాడేది. మెడ చుట్టూ మరీ గుబురు. గుండ్రటి ముఖం, అణిగిన ముక్కు, తేనెరంగు కళ్లు.

మా నాయనది వేరుశెనక్కాయల వ్యాపారం. ఇంత పెద్ద పిల్లి వస్తే గోడౌన్లో ఎలుకల పీడ వదులుతుందని ఆశపడ్డాడు. అదేమో మూటలమీద పడుకుని, కింద తిరిగే ఎలుకలను తీరిగ్గా చూసేది. మా తమ్ముడు తోక పట్టుకుని లాగినా గోరు బయటపెట్టేది కాదు. లేచి, కాస్త అవతలికి పోయి మళ్లీ పడుకునేది.

ఎండలు ముదిరేసరికి ఆ బొచ్చు చిక్కులు పడి, పల్లేరుకాయలు ఇరుక్కుని అట్టలు కట్టింది. పిల్లి తడి గోనెపట్టా మీద పడి రొప్పుతూ ఉండేది.

"కోడుమూరు నుంచి గొర్రెబొచ్చు కత్తిరించేటోన్ని పిలిపిస్తా. అంతా తీసేస్తే సల్లగుంటాది," అన్నాడు నాయన.

ఆయన తల్లి, మా అవ్వ, వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. తాత పోయినప్పుడు ఆమెకు తల గొరిగించారు. అప్పటినుంచి ఆమె దువ్వెన ముట్టలేదు. అమ్మ నాకు జడ వేస్తుంటే అటు చూసేది కూడా కాదు.

"వద్దురా. దాని బొచ్చు దానికుండనీ," అంది అవ్వ.

"ఎండకు సచ్చిపోతాదేమోమ్మా."

"నేను చూసుకుంటా పో."

అమ్మనడిగి పాత కొయ్యదువ్వెన తీసుకుంది. పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని, వేళ్లకు నూనె రాసుకుని, ఒక్కొక్క ముల్లూ ఏరింది. చిక్కు లాగినప్పుడు అది చిన్నగా మూలిగేదే తప్ప కదిలేది కాదు. "ఎంత ఓర్పుండాది దీనికి," అనుకునేది అవ్వ. బొచ్చు మళ్లీ పట్టులా జారడం మొదలైనా ఆమె మానలేదు. రోజూ పొద్దున్నే దువ్వేది.

వానల కాలంలో అమ్మకు జ్వరం వచ్చింది. నేను పలకసంచి తగిలించుకుని బయల్దేరాను.

"యాడికి పోతాండావు?" అంది అవ్వ.

"బడికి."

"ఆ తలతోనా? నీ దువ్వెన తే. కూచో."

పిల్లిని పక్కకు జరిపి నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. పాయలు తీసేటప్పుడు మాత్రం కాస్త ఆగింది. తర్వాత వేళ్లు వాటంతటవే జడ అల్లుకుంటూ పోయాయి. నాకు మెడ తిప్పాలంటే భయమేసింది, ఎక్కడ మానేస్తుందోనని.

అమ్మ మంచంలోంచి చూస్తూనే ఉంది. కాసేపటికి, "రిబ్బను గూట్లో ఉండాది, అత్తా," అంది.

మర్నాటికి అమ్మ లేచి తిరుగుతోంది. అయినా నేను దువ్వెన తీసుకుని అవ్వ దగ్గరికే పోయాను.