దూలం మీది ముద్ర

నల్లమల మొదట్లో ఇప్పుడు పులి బొమ్మతో పచ్చని బోర్డు నిలబడి ఉంది. నా చిన్నతనంలో అడవి శాఖకు బోర్డులు లేవు. జంగ్లాత్ జవాను సుత్తితో కర్ర మీద కొట్టే ముద్ర ఒక్కటే దాని గుర్తు. ముద్ర లేని కర్ర ఉన్న ఇల్లు దొంగ ఇల్లు.

బాపు పర్వానా తీసుకొని తెచ్చిన టేకు దూలం కొస మా వసారాలోకి పొడుచుకొని ఉండేది. దాని మీద గుండ్రని గీత, నడుమ ఒక ఉర్దూ అక్షరం. చదువు లేని మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అక్షరం అది.

పోలీసు చర్య ముగిసి మిలిటరీ లారీలు వచ్చాక, పాత సర్కారు గుర్తు ఏదైనా ఉన్న ఇంటివాళ్ళను రజాకార్ల మనుషులని పట్టుకుపోతున్నారని పుకారు పుట్టింది. బాపు ఉలితో ఆ ముద్రను చెక్కేశాడు. తునక నా చేతికిచ్చి, "పొయ్యిల పెట్టు బిడ్డా. బూడిదయ్యేదాక ఆడనే కూసో" అన్నాడు.

కాల్చడానికి నాకు చేతులు రాలేదు. బాపును కన్న మా అవ్వ మంచం పొట్టి కోడు కింద దాచాను. మంచం కదిలినప్పుడల్లా నా చూపు అటే పోయేది.

కొన్నాళ్ళకు జవాను ముద్ర లేని కర్ర కోసం ఇల్లిల్లూ వెతుకుతూ వచ్చాడు. మనిషి పాతవాడే, టోపీ మీది బిళ్ళ కొత్తది. అంతకు ముందురోజే ఆయన మా పక్క వాడలో ఒకరిని తాళ్ళతో కట్టి తీసుకుపోయాడు.

"ముద్రేదిరా?"

"చెక్కేసిన సాబ్. పాత సర్కారుది గద..."

"టోపీ మారిందని తలకాయ కోసుకుంటవా? కొట్టిన ముద్ర కొట్టినట్టే చెల్లుతది. నడువ్ ఠాణాకు!"

"నీ బాంచెన్ సాబ్, ఒక్కగానొక్క కొడుకు," అని అవ్వ ఆయన కాళ్ళ మీద పడింది.

మాట వినలేదని బాపు కొడతాడన్న భయం ఒకటి, బాపే ఉండడన్న భయం మరొకటి. మంచం కిందికి దూరి తునక తీసుకొచ్చాను. జవాను దాన్ని దూలానికి ఆనించాడు. చారకు చార కలిసింది. పక్కనే కొత్త సుత్తితో కొత్త ముద్ర కొట్టి, "గిదన్న గీకకు" అంటూ వెళ్ళిపోయాడు.

బాపు నన్ను కొట్టలేదు. తునకను మేకుతో దాని చోటనే బిగించి, రెండు ముద్రలూ కనబడకుండా చేట తగిలించాడు.

"ఇంక దాసిపెట్టుడెందుకురా?" అంది అవ్వ.

"రేపెవలొస్తరో, ఏమెరుక?" అన్నాడు బాపు. ఉలిని మాత్రం ఆయన మళ్ళీ ఇంట్లో ఉంచుకోలేదు.