అడుగున మిగిలిన నల్ల ఇసుక

మొన్న టెక్సస్‌లో, మా ఫ్రిస్కో ఇంట్లో బియ్యం గాలిస్తుంటే మా కోడలు వచ్చి, "అత్తయ్యా, ఈ రైస్‌లో రాళ్ళుండవు, ఊరికే వాష్ చేస్తే చాలు" అని నవ్వింది. నిజమే, నాకు పంటికింద రాయి తగిలి ఎన్నేళ్ళయిందో! అయినా మన ఈడు ఆడవాళ్ళకి చేతికి పట్టిన అలవాటు పోదు కదా. గిన్నెను గుండ్రంగా ఊపుతూ, నీళ్ళతో పాటు పైకి లేచిన బియ్యాన్ని పక్క గిన్నెలోకి వంచుకుంటూ ఉంటే, కాలిఫోర్నియాలో మోకాళ్ళ లోతు నదిలో నిలబడ్డ మా అత్తగారు గుర్తుకొచ్చారు.

డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్న రోజులవి, అప్పట్లో మేం కాలిఫోర్నియాలోనే ఉండేవాళ్ళం. మావారి ఉద్యోగం పోయిన కొద్దిరోజులకే అత్తగారు ఇండియా నుంచి దిగారు. టికెట్టు ముందే కొనేశాం మరి. ఆవిడకు బి.పి. ఉందని, విషయం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుని, మావారు రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేను కట్టిన క్యారేజీ పట్టుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవారు. గ్రీన్‌కార్డు ఇంకా చేతికి రాలేదు, ఉద్యోగం దొరక్కపోతే మూటాముల్లె సర్దుకోవడమే. అంత కబుర్ల మనిషి అన్నం ముందు తలెత్తేవారు కాదు. ఆ అబద్ధం మోస్తూ ఆయన ఏమైపోతారోనని నాకు ఒకటే బెంగ.

ఇంట్లో ఉండలేక ఒక శనివారం అమెరికన్ రివర్ అనే నది దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. ఒకప్పుడు బంగారం కోసం లోకమంతా ఎగబడ్డ ఒడ్డు అది; ఇప్పటికీ సరదాకి అక్కడ ఇసుక కడిగే పెద్దవాళ్ళుంటారు. వాళ్ళలో ఒక తెల్ల తాత ప్లాస్టిక్ పళ్ళెంలో ఇసుక పోసి, నీళ్ళలో ఎలా ఊపాలో చూపించబోతే, మా అత్తగారు అది కాస్తా అందుకుని, కుచ్చెళ్ళు ఎగదోపి నదిలోకి దిగిపోయారు. ఇదీ ఒకరు నేర్పాలా అన్నట్టు ఊపుతుంటే తేలిక ఇసుకంతా అంచు దాటి కొట్టుకుపోయింది. అడుగున పిడికెడు నల్ల ఇసుక, అందులో పచ్చటి మెరుపు, నా కళ్ళారా చూశాను. నేను అరిచేలోపే ఆవిడ, "ఇంకేం, రాళ్ళే మిగిలాయి" అంటూ అలవాటు కొద్దీ దాన్ని నదిలోకి విసిరికొట్టారు!

తాత తల పట్టుకున్నాడు. మావారు ముందు తెల్లబోయి, తర్వాత పగలబడి నవ్వారు. ఎన్నాళ్ళకో విన్న ఆ నవ్వు చూస్తుండగానే ఏడుపైంది. "అమ్మా, నా ఉద్యోగం పోయిందే" అన్నారు, రాతి మీద చతికిలబడి.

ఆవిడ ఖాళీ పళ్ళెం నీళ్ళలో ఒకసారి తొలిచారు. "ఇంకోటి దొరక్కపోదులే. ముందు ఆ తాత పార అందుకుని ఇంకాస్త ఇసుక తియ్యి, ఈసారి పారబొయ్యను" అన్నారు.

సాయంత్రం దాకా తల్లీకొడుకులు ఇసుక కడుగుతూనే ఉన్నారు. దొరికింది ఆవగింజలో సగం కూడా లేదు, తాత ఇచ్చిన బుల్లి సీసాలో వేసుకొచ్చి దేవుడి దగ్గర పెట్టాం. సోమవారం మావారు క్యారేజీ అడగలేదు. డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని ఉద్యోగాలకి ఫోన్లు చేసుకుంటుంటే, పక్కన ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. ఆ ఫోన్లలో ఒకటి మమ్మల్ని టెక్సస్ చేర్చింది.

అత్తగారు ఇప్పుడు లేరు. బియ్యంలో రాళ్ళూ లేవు, గాలించే పనీ పోయింది. ఆ నది ఒడ్డున ఆవిడ నా ఇంటి మనిషిని నాకు తిరిగి ఇచ్చారు, ఎన్ని దణ్ణాలు పెట్టినా ఆ ఋణం తీరదు. మా కోడలు నవ్వితే నవ్వనీ, గిన్నె అడుగు ఒక్కసారి వెలుతురులో చూసుకుని గానీ ఆఖరి నీళ్ళు పారబోయను.