ఏడు దెబ్బలు, రెండు కాళ్లు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేసవి సెలవులు అయిపోగానే, నన్ను ఆదోనిలో ఒక సంగీత పాఠశాలకు ప్రిన్సిపాలుగా వేశారు. పాఠం చెప్పడం ఉద్యోగం, కొత్త రచనలు కట్టడం పిచ్చి. లయశాస్త్రం మీద పుస్తకం కూడా రాశాను. తాళం గురించి నాకు చెప్పేవాళ్లెవరన్న గీర కొంచెం ఉండేది.

ఆ ఏడు వార్షికోత్సవానికి వయొలిన్లనూ చెక్కభజననూ కలిపి ఒక రచన చేశాను. మిశ్రచాపు తాళం. ఆవృతానికి, అంటే ఒక చుట్టుకు, ఏడు దెబ్బలు. ఎమ్మిగనూరు నుంచి పన్నెండు మంది మగ్గం పనివాళ్ల దళం వచ్చింది. వాళ్ల గురువు హుసేనన్న. చేతిలో చెక్క పలికిన ప్రతిసారీ అడుగు పడాలన్నది వాళ్ల పద్ధతి.

ప్రదర్శన ఆదివారం. శుక్రవారం వచ్చినా పాట ఒక్కసారీ చివరిదాకా సాగలేదు. మొదటి ఆవృతం చక్కగా వచ్చేది, రెండోదానికి దళం ఒక దెబ్బ వెనకబడేది. నాకు ఒళ్లు మండింది. ఇలాగైతే చెక్కలు తీసేసి వయొలిన్లతోనే కానిచ్చేస్తానన్నాను. పన్నెండు మందీ తలలు వంచుకున్నారు. ఊరంతా చెప్పుకుని వచ్చారు పాపం.

హుసేనన్న మాత్రం నవ్వాడు. “సార్, చెప్పులిడిసి మా వరసలోకి రాండి. మీరే ఒకసారి అడుగేయండి,” అన్నాడు.

కుడికాలితో మొదలుపెట్టి వేశాను. ఏడు అడుగులయ్యాక ఎనిమిదోదానికి ఎడమకాలు లేచింది.

“సూడండి సార్. మేము పాట ఎత్తుకునేది ఎప్పుడూ కుడికాలితోనే. కాలు మార్చుకునేకి ఒకడుగు ఎక్కువేస్తాండాం. రెండు సుట్లకొకసారి, పద్నాలుగు అడుగులయినాక ఎత్తుకుంటే కుడికాలే వస్తాది గదా!”

పుస్తకం రాసినవాడికి ఈ లెక్క తట్టలేదు! కూర్చుని చేత్తో తాళం వేసేవాడికి కాళ్లు గుర్తుంటాయా? సిగ్గుకన్నా నవ్వే ఎక్కువ వచ్చింది. చిక్కల్లా చరణం దగ్గర. అక్కడ మూడే ఆవృతాలు, ఆ బేసి లెక్క మీద నాకు మహా మురిపెం. అయినా అక్కడికక్కడే నాలుగోది చేర్చాను. అందులో వయొలిన్లను ఆపి, చెక్కలకే వదిలేశాను.

ఆదివారం ఆ నాలుగో ఆవృతానికే జనం లేచి ఈలలు వేశారు. దళం దాన్ని మళ్లీ వేసింది, మళ్లీ వేసింది. నా ఉద్యోగంలో అంత సంతోషం ఇంకెప్పుడూ పడలేదు.

మూడు ఆవృతాల పాత చరణం ఇప్పుడు పాడుకుంటే నాకే కుంటినట్టు వినిపిస్తుంది. పాడేవాళ్లు ఒకేచోట పదేపదే తప్పుతున్నారంటే, ముందు అనుమానించాల్సింది రాసినవాణ్ని.