మా చుక్కల బండి

విమానాలు ఇంకా దిగని రోజులవి. శంషాబాదు అవతల మా ఊరి మీద అప్పట్లో గద్దలు తప్ప మరేవీ తిరిగేవి కావు. ఇప్పుడు వాకిట్లో నిలబడి మాట్లాడుకుంటే సగం మాట విమానమే మింగేస్తుంది. మా బుడ్డ మనవడికి కూడా అలవాటైపోయి, ఏడుస్తూ ఏడుస్తూ చప్పుడు రాగానే ఆపి, అది పోయాక మిగతా సగం ఏడుస్తాడు. ఆ రోజుల్లో ఏ వస్తువునూ ఊరికే పారేసే వాళ్లం కాదు. అది ముందు అరగాలి, తర్వాత విరగాలి, విరిగాక కట్టు కట్టించుకోవాలి, అప్పటికీ పనికిరాకపోతే ఇంకోదానికి అతుకవ్వాలి. నా చదువంతా ఇదే. బళ్లో నేర్చుకున్నది పేరు రాయడం, కూడికలు, అంతే. మా పెద్ద బర్రె ఈనగానే మా అమ్మ నన్ను బడి మాన్పించింది. (బర్రెకు దూడ పుట్టింది, నాకు సెలవులు పుట్టాయి. ఆ సెలవులు ఇంకా అయిపోలేదు.)

విమానాల కోసం భూములు తీసుకున్నప్పుడు మా కంది చేను కూడా పోయింది. వచ్చిన దాంట్లో కొంత పెట్టి మా ఆయన ఒక పాత పికప్ బండి తెచ్చాడు. తెచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు నడిపిస్తే, చితికిన నిమ్మకాయల పక్కన ఓ నల్లటి చుక్క పడింది. దిష్టి దిగిపోయిందని అందరం సంతోషపడ్డాం. మర్నాడు ఇంకో దిష్టి దిగింది. ఆ మర్నాడు ఇంకోటి. వారం తిరిగేసరికి మా వాకిలి చిరుతపులి చర్మంలా తయారైంది. ఊళ్లో వాళ్లు దానికి చుక్కల బండి అని పేరు పెట్టారు. ఇంజిన్లో నూనె పోయడం నా వంతు, కార్చడం దాని వంతు. కూరలో తాలింపుకు నేను చెంచాతో కొలిచి వేసేదాన్ని, ఇది మాత్రం దోసిళ్లతో తాగి దారంతా ఉమ్ముకుంటూ పోయేది. నా కడుపు ఎంత మండేదో చెప్పలేను.

అయితే నిజం చెప్పాలి. ఆ కారుడు వల్ల మా అత్తకూ నాకూ ఒక లాభం ఉండేది. మా ఆయన పొద్దున పాల క్యాన్లు వేసుకుని శంషాబాదు హోటళ్లకు పోయి, సాయంత్రం తిరిగి వచ్చేవాడు. మధ్యలో కల్లు కాంపౌండు ఉంది. అడిగితే, "ఆగలేదే, సీదా ఇంటికే వస్తున్న" అనేవాడు. మర్నాడు పొద్దున్నే నేను గడ్డికి పోతూ ఆ కాంపౌండు ముందు నేల చూసేదాన్ని. చుక్క బొట్టుబిళ్లంత ఉంటే పలకరించి వచ్చాడని అర్థం. జొన్నరొట్టెంత ఉంటే కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడని అర్థం. ఈ విద్య నేర్పింది మా అత్తే. ఆమె తప్పిపోయిన గొడ్లను పేడ చూసి వెతికి పట్టుకొచ్చే మనిషి. "గొడ్డు జాడ పేడ జెప్తది, మొగోని జాడ నూనె జెప్తది" అనేది. ఆయన ఆమె కొడుకే అయినా, ఈ విషయంలో ఆమె నా జట్టు. పాపం మా ఆయనకు ఇదేమీ తెలియదు. "నీకు ఎట్ల తెలుస్తుందే? ఎవలు మోస్తున్నరు నా ముచ్చట?" అని పరేషాన్ అయి, కల్లు పోసే ఆయన మీద అనుమానపడి, అతనితో కొన్నాళ్లు మాటలు కూడా మానేశాడు. (ఆ కొన్నాళ్లూ చుక్కలు మా ఊరి చావడి దగ్గర, పేక పత్తాలాట పక్కన పడేవి.)

అట్లా గడుస్తుండగా, విమానాల పని మొదలైన చోట కూలీలకు వంట చేసే క్యాంటీను ఒకటి పెట్టారు. దాని మేనేజరు మా పాలు రుచి చూసి, పొద్దూ మాపూ చాయ్‌కి, పెరుగుకి అన్నీ మీరే పోయండి అన్నాడు. చేను పోయాక మాకు మిగిలింది బర్రెలే. హోటళ్ల వాళ్లు ఒకరోజు తీసుకుని ఒకరోజు వద్దనేవారు. ఈ క్యాంటీను దొరికితే బర్రెలు నిలుస్తాయి, లేకపోతే ఒక్కొక్కటిగా సంతకు తోలాలి. అందుకని మా ఆయన నోటి మీద నమ్మకం లేక మొదటి రోజు నేనే బండెక్కి కూర్చున్నాను. గేటు దగ్గర కాపలా ఆయన ఆపాడు. కోస్తా వైపు మనిషి, మాట చాలా మర్యాద. ఒక దళసరి అట్ట తెచ్చి ఇంజిన్ కింద పరిచి, "కాసేపు ఆగండమ్మా, చూద్దాం" అన్నాడు. ఆయన చాయ్ తాగడం పూర్తయ్యేసరికి అట్ట మీద చెరువు నిండింది.

"మీ బండి లోపలికి రావడానికి వీల్లేదండి. లోపల కొత్తగా కాంక్రీటు వేశారు. చుక్క పడితే నా ఉద్యోగం పోతుంది."

"ఎక్కువ గాదు సారూ, జరంత" అన్నాడు మా ఆయన.

"జరంత కూడా వద్దండి. ఈ అట్ట కూడా మీరే తీసుకెళ్లండి."

ఇంకొకళ్లయితే సిగ్గుతో అక్కడే పడేసి వచ్చేవాళ్లు. నేను మడవకుండా, నలగకుండా ఆ అట్టను పాల క్యాన్ల వెనకాల నిలబెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఊరికే వచ్చిన అట్ట. సంగతి తెలిసి గేటు దగ్గరికి వచ్చిన మేనేజరు సోమవారం దాకా చూస్తానన్నాడు, ఆ తర్వాత కొత్తూరు వైపు పాలవాళ్లకు ఇచ్చేస్తాడట. ఇంటికొచ్చి చెబితే మా అత్త కస్సుమంది. "మన చేన్ల మన బండి నూనె చుక్క పడొద్దా? నేను గా చేన్ల చెమట ఎంత కార్చిన! అప్పుడెవలన్న అట్ట పరిచిండ్రా?"

మా ఆయనకు మేనబావ ఒకడు ఉండేవాడు. చెయ్యి ఖాళీగా ఎప్పుడూ ఉండదు, ఒక పానా పట్టుకునే తిరుగుతాడు, పెళ్లికి వచ్చినా సరే. అందరూ పానా బావ అనేవారు. నాకు వరస అన్న. బండి కింద దూరి, బయటికొచ్చి, "చెల్లె, ఛాంబర్ పోయింది" అని తేల్చాడు. ఛాంబర్ అంటే ఇంజిన్ అడుగున నూనె నిలిచే రేకు తొట్టి. కొత్తది కొనడం మా ఇంటావంటా లేదు. పహాడీ షరీఫ్ దారిలో పాత బండ్ల తుక్కు దుకాణం ఒకటుంది, అక్కడికి బయల్దేరాం. దుకాణం చాచా మా బండికి కవలపిల్ల లాంటి పికప్‌ను చూపించాడు. చక్రాలు లేవు, తలుపులు లేవు, పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాన్ని చూసి మా ఆయన గొంతు తగ్గించి, "మన బండికి జెప్పకు, భయపడ్తది" అన్నాడు. చాచాకు నేను ఇంట్లో కాచిన నెయ్యి డబ్బా ఇచ్చాను. ఆయన మూత తీసి వాసన చూసి, ఛాంబర్ విప్పించాడు.

దాన్ని తెచ్చి బిగించాం. ముగ్గురం బండి చుట్టూ గొంతుక్కూర్చుని, తొలి చూలు బర్రె ఈనబోతుంటే చూసినట్టు చూశాం. చుక్క పడింది. ఆ పక్కనే ఇంకోటి పడింది. ఇంతకుముందు ఒక్కచోట కారే బండి ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది. పానా బావ తల గోక్కుని, "గీ ఛాంబర్ గూడ చీలింది చెల్లె" అన్నాడు. అంటే దాని జబ్బు నెయ్యి పెట్టి కొనుక్కొచ్చి మన బండికి తగిలించామన్నమాట. నాకు వచ్చిన కోపానికి ఆ రోజు బర్రెలు కూడా కిక్కురుమనకుండా పాలిచ్చాయి.

పొద్దున ముగ్గు వేస్తుంటే నాకు తట్టింది. మా వంటింటి కప్పు కారినప్పుడు నీళ్లు పడేది ఒకచోట, కన్నం ఉండేది ఇంకోచోట. వాసం పట్టుకుని పాకి వచ్చి పడతాయి. ఇంజిన్ నూనె మాత్రం పాకదా? పాత గుడ్డ పెట్టి ఇంజిన్ అంతా తళతళా తుడిచి, ముగ్గుపిండి గుప్పిట్లో తీసుకుని పైనుంచి కిందిదాకా చల్లాను. (బియ్యప్పిండి ఇంకా బాగా అంటుకుంటుంది గానీ, ఇంజిన్‌కు బియ్యప్పిండి పెట్టేంత ధారాళం నాకు ఇప్పటికీ లేదు.)

"బొట్టు గూడ పెట్టు చెల్లె, పేరంటానికి తోల్కపోదువు" అన్నాడు పానా బావ.

"నువ్వు నోరు మూసుకొని స్టార్ట్ చెయ్యన్నా."

ఇంజిన్ గుడగుడమంది. తెల్లటి పిండి మీద నల్లటి గీత ఒకటి మెల్లగా దిగింది. అది మొదలైంది ఛాంబర్ దగ్గర కాదు, ఎక్కడో నెత్తిమీద, టాపెట్ కవర్ అనే మూత వెనక మూలలో. అక్కడ కారి, ఒళ్లంతా పాకి, కింద ఛాంబర్ అంచున చుక్కై పడుతోంది. పాపం మా పాత ఛాంబర్ ఏ తప్పూ చేయలేదు. పానా బావ కాసేపు చూసి, "సూడు బామ్మర్ది, నీ పెండ్లాం మెకానిక్ అయింది, ఇగ నేను బర్లు గాస్త" అన్నాడు మా ఆయనతో.

మళ్లీ చాచా దగ్గరికి పోయాం. చీలిన ఛాంబర్ వెనక్కిచ్చి మూత అడిగితే, "నువ్వు తుక్కు కొంటున్నవా అమ్మా, తుక్కుతోని ఆడుకుంటున్నవా?" అన్నాడు. "నెయ్యి ఎట్లున్నది చాచా?" అన్నాను నేను. ఆయన పానా తీశాడు. మూత బాగానే ఉంది, వంపు లేదు, చీలిక లేదు. కానీ మూతకూ ఇంజిన్‌కూ నడుమ పెట్టే ప్యాకింగ్ విప్పుతుంటేనే ముక్కలైంది. ఆ రోజు ఆదివారం, చాచా తుక్కు దుకాణం తప్ప కొత్త సామాన్ల దుకాణాలన్నీ మూసేశారు. తెల్లవారితే సోమవారం.

మూత పట్టుకుని ఇంటికొచ్చాక నాకు గోడకు ఆనించి ఉన్న గేటు అట్ట కనిపించింది. మా బండి నూనె తాగి తోలులా మెత్తగా, దిట్టంగా తయారై ఉంది. మూతను దాని మీద పెట్టి అంచు చుట్టూ చిన్న సుత్తితో తడితే అచ్చు పడింది. జాకెట్లు కత్తిరించే కత్తెర తీసుకుని కూర్చున్నాను. (ఆ కత్తెర నేను నా సొంత చెల్లెలికి కూడా ఇవ్వను.) పానా బావ బండి కింద పడుకుని పాత ఛాంబర్‌ను తిరిగి బిగిస్తున్నాడు, కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మా అత్త వచ్చి నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"సోంచాయించుకో బిడ్డా. బండి నోరు కుడుతున్నవ్. ఇగ కల్లు కాంపౌండ్ కాడ వాని జాడ నీకు ఎవలు జెప్తరు?"

నా కత్తెర ఆగింది. బండి కింద పానా చప్పుడు కూడా ఆగింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

"బర్లు ముఖ్యమా, ఆయన జాడ ముఖ్యమా అత్తమ్మా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. "రెండు గూడ ముఖ్యమే. గని బర్లు చెప్పిన మాట ఇంటయి" అంది. నేను కత్తెర ఆడించాను.

సోమవారం గేటు దగ్గర కాపలా ఆయన కొత్త అట్ట పరిచాడు. నేనూ వస్తానని మా అత్త కూడా బండిలో ఎక్కి కూర్చుంది. ఆయన చాయ్ తాగాడు. గ్లాసు కడుక్కున్నాడు. వంగి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. అట్ట బయటికి లాగి ఎండకు పట్టి చూశాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఎవరూ అంత పరీక్షగా చూడలేదు. "ఏం మార్చారండి?" అన్నాడు. "మీ అట్టనే పెట్టినం సారూ" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు గానీ గేటు తీశాడు. కొత్త కాంక్రీటు మీద బండి మెల్లగా పోతుంటే మా అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి గుర్తులు వెతుక్కుంది. ఒకచోట, "ఇగో, గీడనే మన కంది చేను" అంది. మా ఆయన బండి ఆపాడు. నేను దిగి కిందికి చూశాను. నేల పొడిగా, తెల్లగా ఉంది. అట్లాంటి గర్వం నాకు మళ్లీ కొడుకు పెళ్లినాడు కూడా కలగలేదు. ఆ అట్ట ప్యాకింగ్ ఎన్ని ఎండలు కాసినా చుక్క జారనివ్వలేదు. విమానాలు దిగడం మొదలయ్యేదాకా ఆ క్యాంటీనుకు మా పాలే పోశాం. బర్రెలు తగ్గలేదు సరికదా, పెరిగాయి.

ఆ మొదటి వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన పొద్దుపోయి వచ్చాడు. మర్నాడు నేల చూద్దామంటే చూడటానికి ఏమీ ఉండదు. అందుకని అప్పుడే ముఖం గట్టిగా పెట్టి, పాత పద్ధతిలోనే, "యాడ ఆగినవ్?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, "కాంపౌండ్ కాడ. ఒక్క సీసనే" అన్నాడు. మా అత్త చాటున నవ్వుకుంది. అప్పటినుంచి ఎప్పుడు అడిగినా నిజమే చెప్పేవాడు. నా కళ్లకు అంత భయపడుతున్నాడని ఇన్నేళ్లూ లోలోపల పొంగిపోయాను.

మొన్న మా కోడలు కరెంటు కారు కొనుక్కుంది. వాకిట్లో ఆపితే, నాకున్న అలవాటు కొద్దీ వంగి కిందికి చూశాను.

"అందుల నూనె ఉండది అత్తమ్మా" అని నవ్వింది కోడలు.

అరుగు మీద చాయ్ తాగుతున్న మా ఆయన అందుకున్నాడు. "అట్లయితె మీ అత్తకు పొద్దు వోదు బిడ్డా. కల్లు కాంపౌండ్ ముంగట చుక్కల సైజులు కొలిచిన మనిషి ఆమె."

నాకు నోట మాట రాలేదు. అప్పుడే ఒక విమానం నెత్తిమీదికి వచ్చింది కాబట్టి అది ఎవరికీ తెలియలేదు. చప్పుడు పోయాక అడిగాను, "నీకెప్పటిసంది ఎరుక?"

"నువ్వు అట్ట కత్తిరించిన్నాడు. పానా బావ బండి కింద పండుకొని మీ ముచ్చటంత ఇన్నడు గదా. నాతోని చెప్పకుంట ఉంటడా?"

"మరి చుక్క ఆగినంక గూడ నిజమెందుకు జెప్పినవ్?"

ఆయన గ్లాసు అడుగున మిగిలిన చాయ్ చూసుకుంటూ, "బర్లు నిలవాలని నువ్వే దాని నోరు కుడితివి. ఇగ నేను గూడ నోరు మూసుకుంటె నీకెవలు జెప్తరే?" అన్నాడు.

చాయ్ చల్లారుతోంది, తాగమని గట్టిగా కసిరి లోపలికి వచ్చేశాను. వంటింట్లో గోడకు ఆ కత్తెర ఇంకా వేలాడుతూనే ఉంది. దాని మీద ఎప్పటిదో నల్లటి మరక ఒకటి ఉంది. తుడుద్దామని కొంగు తీశాను గానీ, ఎందుకో చెయ్యి రాలేదు. ఇన్నేళ్లు ఉన్నది ఉంది, ఉండనీ అనుకున్నాను.